కొత్త కారు మీద చిన్న గీత, చిన్న సొట్ట: ఏది మనం దిద్దుకోవాలి, ఏది షోరూమ్‌తో చేయించుకోవాలి

కారు ఇంటికొచ్చిన రోజే డోర్ కింద వెంట్రుకంత గీత కనపడితే, చేతికందిన గుడ్డ తీసుకుని రుద్దేవాళ్లే ఎక్కువ. ఆ గుడ్డలో ఉన్న దుబ్బతో ఒక గీత పది గీతలవుతుంది. కొత్త బండికి గీతతో అయ్యే నష్టం కన్నా దాన్ని పోగొట్టబోతే అయ్యే నష్టమే పెద్దది. ఎందుకో తెలియాలంటే పెయింటు మందం తెలియాలి.

చాలా బండ్లకు రేకు మీద మొదట తుప్పు పట్టకుండా ఈ-కోట్, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. నాలుగూ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే రెండు తల వెంట్రుకలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. మెరుపు ఇచ్చేదీ, ఎండకు రంగు వెలిసిపోకుండా కాచేదీ క్లియర్ కోటే. అది 35 నుంచి 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. కాంపౌండ్ (పైపొరను అరగదీసే గరుకు ముద్ద) పెట్టి రుద్దిన ప్రతిసారీ అందులోంచే కొంత పోతుంది, మళ్లీ పెరగదు. పైగా ఫ్యాక్టరీలో ఈ పెయింటును సుమారు 140 డిగ్రీల వేడిలో కాల్చి గట్టిపరుస్తారు. ప్లాస్టిక్కు, రబ్బరు, వైర్లు బిగించాక బండికి ఆ వేడి ఎక్కించలేరు. అందుకే షెడ్డులో వేసేది 60 డిగ్రీల దగ్గర ఆరే వేరే రకం పెయింటు. ఎంత పనిమంతుడైన పెయింటరైనా మళ్లీ వేసింది ఫ్యాక్టరీ పెయింటు కాదు.

కాబట్టి వరుస ఇదీ: ముందు షోరూమ్‌ను అడగడం, తర్వాత కడిగి చూడడం, తర్వాత చేత్తో పాలిష్, తర్వాత టచప్, అంటే పెచ్చు ఊడిన చోట మాత్రమే చుక్క రంగు వేయడం. ప్యానెల్ మొత్తానికి పెయింటు వేయించడం అన్నిటికన్నా చివర.

డెలివరీకి ముందు చూసుకోవడం

మిగతా డబ్బు కట్టకముందు, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ కాకముందు బండిని చూడాలి. మీ పేరు మీదికి వచ్చాక షోరూమ్ మాట తీరు మారుతుంది. ఏ బండి ఇస్తున్నారో ఛాసిస్ నంబర్ రాసి ఇమ్మనండి, స్టాక్‌యార్డుకు వెళ్లి అదే బండిని చూడండి.

వెలుతురు ముఖ్యం. షోరూమ్ లోపలి దీపాల కింద ప్రతి బండీ పెండ్లికొడుకే. ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటలప్పుడో, సాయంత్రం ఐదింటికో ఆరుబయట చూడాలి. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది: అయ్యగారు ముహూర్తం చీకటితోనో, పొద్దుగూకినాకనో పెడతారు. అట్లాంటప్పుడు డెలివరీ ముహూర్తానికే తీసుకోండి, బండిని మాత్రం ముందురోజు పగలే చూసిపెట్టుకోండి.

బండి కడిగి, తుడిచి ఉండాలి. దుమ్ము కింద ఏదీ కనపడదు, తడి మీద అసలే కనపడదు. ఎదురుగా నిలబడి కాకుండా ఒక మూల నుంచి ఏటవాలుగా ప్యానెల్ వెంబడి చూపు పోనివ్వండి. కరెంటు తీగో, గోడ అంచో పెయింటులో ప్రతిబింబిస్తుంది కదా, ఆ గీత ఎక్కడ వంకర తిరిగితే అక్కడ సొట్ట ఉన్నట్టు. సన్న గీతలకు ఫోన్ టార్చ్ ఒక అడుగు దూరంలో పక్కనుంచి కొట్టాలి. బంపర్ నాలుగు మూలలు, డోర్ల అంచులు, హ్యాండిల్ వెనక గుంతలు, డిక్కీలో సామాను పెట్టే అంచు, అల్లాయ్ వీల్ అంచులు తప్పనిసరి. రూఫ్ మాత్రం దాదాపు ఎవరూ చూడరు. డోర్ తెరిచి, చెప్పులు విడిచి, డోర్ గడప మీద నిలబడితే కనపడుతుంది.

ఇదే పరీక్ష రెండోసారి కూడా చేయాలి, మడ్ ఫ్లాపులు, రివర్స్ సెన్సర్లు, డోర్ వైజర్లు బిగించాక. ఫ్యాక్టరీ నుంచి బాగానే వచ్చిన బండికి యాక్సెసరీస్ బిగించే రోజు గీతలు పడడం మామూలే. స్క్రూడ్రైవర్ జారుతుంది, తీసిన డోర్ ట్రిమ్ తెచ్చి బానెట్ మీద పెడతారు.

అప్పటికే ఎక్కడైనా మళ్లీ పెయింటు వేశారేమో కూడా చూడండి. బానెట్ కీలు బోల్టుల తల మీద రంగు చిట్లి, పానా ముద్రలు కనపడితే అవి విప్పి బిగించారన్నమాట. అద్దాల రబ్బరు అంచు కొంచెం ఎత్తితే కింద రంగు ఆగిపోయిన గీత, రబ్బరు మీద తుంపర, పెయింటులో ఇసుక రేణువంత ఉబ్బులు ఉంటే అవీ ఆనవాళ్లే. పెయింటు మందాన్ని మైక్రాన్లలో చూపించే పెయింట్ గేజ్ దొరికితే ఇంకా మంచిది. ఒకే బండి మీద డోర్లన్నీ 110, 120 చూపించి ఒక్క ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) 220 చూపిస్తే ఆ ఫెండర్‌కు మళ్లీ పెయింటు పడ్డట్టే. 400, 500 దాటితే కింద పుట్టీ ఉందని అనుమానించాలి. మామూలు గేజ్ రేకు మీదే పనిచేస్తుంది, ప్లాస్టిక్ బంపర్ మీద చూపదు.

కొన్ని లోపాల్లా కనపడతాయి గానీ లోపాలు కావు. కమలాపండు తొక్కలాంటి సన్నటి గరుకుదనం మామూలు బండ్లన్నిటి మీదా ఉంటుంది. మెటాలిక్ రంగుల్లో బంపర్ రంగు ఫెండర్ కన్నా ఒక పిసరు తేడాగా ఉండొచ్చు. ప్లాస్టిక్కును విడిగా పెయింటు చేస్తారు కాబట్టి అట్లా వస్తుంది. బానెట్‌కూ ఫెండర్‌కూ మధ్య సందు కుడి ఎడమలు సమానంగా ఉంటే చాలు. అనుమానమొస్తే పక్కనే ఉన్న అదే మోడల్ బండితో పోల్చి చూడండి.

లోపం దొరికితే అడగాల్సింది మూడింటిలో ఒకటి. రేకు దాకా దిగిన గీత, సొట్ట, మళ్లీ పెయింటు పడ్డ ప్యానెల్ అయితే వేరే బండి అడగండి. క్లియర్ కోట్ పైపైన గీత అయితే మీ ఎదుట పాలిష్ చేసి ఇమ్మనండి. బంపర్ మూల మీద చిన్న పెచ్చు అయితే బండి తీసుకుని, ధరలో తగ్గింపో యాక్సెసరీసో అడగొచ్చు. ‘సర్వీసుకు వచ్చినప్పుడు చేయిస్తాం సార్’ అన్న మాట నోటితో ఆగకూడదు. ఏ ప్యానెల్, ఎక్కడ, ఎంత పొడవు, ఏ తేదీలోపు అన్నది డెలివరీ నోటు మీద రాయించి, సంతకం, ముద్ర వేయించి, ఫొటో తీసుకోండి. అడగకుండా గుట్టుగా పెయింటు వేసి ఇస్తే ఒప్పుకోబోమని కూడా అదే కాగితం మీద రాయించడం మంచిది.

ఇంటికొచ్చాక కనపడితే

ఆ రోజే, లేదా మర్నాటికల్లా మెయిల్ పంపండి. ఫోన్‌లో చెప్పింది రుజువు కాదు. రెండు రకాల ఫొటోలు కావాలి: నంబర్‌తో సహా బండి మొత్తం కనపడేది ఒకటి, గీత పక్కన రూపాయి బిళ్లో స్కేలో పెట్టి దగ్గర నుంచి తీసింది ఇంకొకటి. బిళ్లను పెయింటుకు తగలనివ్వకుండా వేళ్లతో పట్టుకోండి, అది కూడా గీత పెడుతుంది. ఓడోమీటర్ ఫొటో కలిపితే బండి ఇంకా పెద్దగా తిరగలేదని తేలుతుంది. సర్వీస్ సెంటర్లో చూపించినప్పుడు జాబ్ కార్డు (బండిలో ఏం చూపించారో వాళ్లు రాసిచ్చే కాగితం) రాయించకుండా తిరిగి రావొద్దు.

పెయింటు తనంతట తాను పొరలూడడం, బుడగలెత్తడం సాధారణంగా కంపెనీ వారంటీలోకి వస్తాయి. గీతలు, రాయి తగిలిన పెచ్చులు, పక్షి రెట్ట మరకలు రావు. ‘డెలివరీకి ముందే ఉంది’ అని చూపించగలిగితేనే షోరూమ్ బాధ్యత, అందుకే ఆ తొందర. ఎంతకీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 50 లక్షల వరకు చెల్లించిన వస్తువుల కేసులు అక్కడికే వెళ్తాయి, రెండేళ్లలోపు వేయాలి. బండి ధర 5 నుంచి 10 లక్షలైతే ఫీజు 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షలైతే 400. వెంట్రుకంత గీతకు అంత దూరం వెళ్లక్కర్లేదు గానీ, మళ్లీ పెయింటు వేసిన బండిని కొత్తదని అంటగడితే వెళ్లాల్సిందే.

పైన అంటిందా, లోపల తెగిందా

సగం ‘గీతలు’ గీతలే కావు, పైన అంటుకున్న మరకలు. ముందు కడగాలి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదాంట్లో కార్ షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు. గిన్నెల సబ్బు వద్దు, బండికి వేసిన వ్యాక్స్‌ను లాగేస్తుంది. పైనుంచి కిందికి, ముందు పైపుతో దుమ్మంతా పోయాకే గుడ్డ తగలాలి.

మన దగ్గర దుమ్ము ఒక తీరుది కాదు. గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లిలో బొగ్గు పొడి, రామగుండం, జైపూర్, చెల్పూరు చుట్టూ ప్లాంట్ల బూడిద, కరీంనగర్ వైపు గ్రానైట్ పొడి. కంటికి మెత్తగా కనపడే ఆ బూడిదలో సిలికా ఉంటుంది, పొడి గుడ్డతో దులిపితే గరుకు కాగితంతో రుద్దినట్టే. ఈ ఊళ్లలో బండి తుడిచే పొడి బ్రష్షు కొనకపోవడమే పెద్ద పొదుపు.

కొత్త బండి మీద మొదటి మరకలు పూజవే. భద్రకాళి గుడి ముందో, కొండగట్టు కాడో పూజ అయ్యాక బానెట్ మీద పసుపు, కుంకుమ, నూనె కలిపిన సిందూరం, కొబ్బరినీళ్లు ఉంటాయి. ఆ సాయంత్రమే నీళ్లు పారించి కడిగేయండి, పొడిగా ఉన్నప్పుడు తుడవొద్దు. షాంపూ తగలగానే పసుపు ఎర్రబడొచ్చు, క్షారం తగిలితే పసుపు గుణమే అంత, పెయింటు పాడైందని కంగారుపడొద్దు. తెల్ల బండి మీద లేతగా మిగిలిన పసుపు ఛాయ నాలుగు రోజుల ఎండకు దానంతటదే పోతుంది. సిందూరం జిడ్డు మొండికేస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది తీయండి. అసలు గీతలు పెట్టేవి మూడు: తీగతో కట్టిన పూలదండ, బానెట్ మీద పెట్టిన హారతి పళ్లెం, బంపర్‌కు కొట్టిన కొబ్బరికాయ. దండ నూలు దారంతో కట్టించండి, పళ్లెం చేతిలోనే ఉండనివ్వండి, కాయ నేల మీద రాయికి కొట్టండి. పూజకు ఏ లోటూ రాదు.

తెల్ల బండి మీద నారింజ రంగు సూదిమొన చుక్కలు కనపడితే తుప్పు పట్టిందని హడలిపోతారు. చాలావరకు అవి గాల్లోంచి పడ్డ ఇనుప రజను, రైలు పట్టాల పక్కన నిలిపిన బండ్ల మీద బాగా కనపడుతుంది. కాజీపేట స్టేషన్ పక్కన రోజూ నిలిపే బండ్లకు ఇది తప్పదు. ఐరన్ రిమూవర్ నీడలో, చల్లటి ప్యానెల్ మీద కొట్టి మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగితే చుక్కల దగ్గర ఊదారంగు కారుతుంది. ఆరిపోకముందే బాగా కడిగేయాలి. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, ఆరుబయట చేయండి.

బోరునీళ్లతో కడిగి ఎండలో వదిలితే తెల్లటి గుండ్రటి మచ్చలు పడతాయి, అది సున్నం. తెల్ల వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి, గుడ్డ తడిపి మచ్చ మీద ఒకటి రెండు నిమిషాలు ఉంచి కడిగేయండి. మచ్చ పోయి గుంత ఆనవాలు మిగిలితే అది పెయింటును తినేసింది, ఇక పాలిష్ పనే. మామిడి చెట్టు కింద బంక, స్టిక్కర్ల జిగురు, టేపు మరకలకు ఆల్కహాల్ మిశ్రమం చాలు. పెట్రోల్, థిన్నర్ వాడొద్దు.

కడిగి ఆరాక రెండు పరీక్షలు. గీత మీద ఒక చుక్క నీళ్లు వేయండి: నీళ్ల కింద గీత మాయమైతే అది క్లియర్ కోట్‌లోనే ఉంది. తర్వాత గోరును గీతకు అడ్డంగా మెల్లగా జరపండి: గోరు తట్టుకోకపోతే పాలిష్‌తో పోతుంది, టక్కున తట్టుకుంటే పోదు. లోపల వేరే రంగు కనపడితే ఏ పొరదాకా దిగిందో అదే చెబుతుంది: బూడిద రంగో తెలుపో అయితే ప్రైమర్, వెండిలా మెరిస్తే రేకు. మీ బండి రంగు కాని రంగు ‘ఎత్తుగా’ ఉంటే అది గేటుదో, అవతలి బండిదో అంటుకున్న పెయింటు, మీ పెయింటు కింద భద్రంగానే ఉండొచ్చు.

గోరు తట్టుకోని గీతకు చేత్తో పాలిష్

కావలసినవి: ఫోమ్ అప్లికేటర్ (మందు పూసే స్పాంజి బిళ్ల) రెండు, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు, సన్నరకం పాలిష్ ఒకటి, కొంచెం గట్టిరకం కాంపౌండ్ ఒకటి, మాస్కింగ్ టేప్, ఆల్కహాల్ మిశ్రమం. మొదట పాలిష్‌తోనే ప్రయత్నించాలి, దానితో కాకపోతేనే కాంపౌండ్.

నీడలో, అరచేయి ఆనించగలిగేంత చల్లగా ప్యానెల్ ఉన్నప్పుడు చేయాలి. మన ఎండాకాలంలో ఉదయం ఎనిమిదిలోపే, తర్వాత మందు ప్యానెల్ మీద ఎండిపోయి అదే గీతలు పెడుతుంది. డోర్ అంచులకు, బాడీ మడత గీతల మీద టేపు వేయండి. అంచుల మీద పెయింటు పలుచన, అక్కడే ముందు అరిగిపోతుంది. నల్ల ప్లాస్టిక్కు, రబ్బరుకూ టేపు వేయాలి, మందు అంటితే తెల్లగా మిగులుతుంది.

ఒక అడుగు చదరం దాటకుండా చోటు తీసుకోండి. అప్లికేటర్ మీద శనగగింజంత చుక్కలు మూడు వేసి, మధ్యస్థంగా ఒత్తుతూ నిలువుగా 15 సార్లు, అడ్డంగా 15 సార్లు రుద్దండి. తుడిచి, ఆల్కహాల్ మిశ్రమం అద్ది, టార్చ్ వేసి చూడండి. ఆల్కహాల్ అద్దకపోతే పాలిష్‌లోని నూనె గీతను నింపేసి పోయినట్టు కనపడుతుంది, రెండుసార్లు కడిగేసరికి మళ్లీ తేలుతుంది. షెడ్లలో ‘మాయం చేసిన’ గీతలు తిరిగి రావడం వెనక సంగతి చాలాసార్లు ఇదే. రెండు మూడు విడతలకు పోకపోతే ఆపేయండి. గీత అంచులు గుండ్రబడి, చూపుకు ఆనకపోతే చాలు, మొత్తం పోవాలని పట్టుపట్టొద్దు. గుడ్డకు బండి రంగు అంటుతుంటే వెంటనే ఆపాలి. క్లియర్ కోట్ అయిపోయి ఉండాలి, లేదా అది క్లియర్ కోట్ లేని రంగు అయి ఉండాలి.

మెషిన్ బఫింగ్ మొదటిసారి చేసేవాళ్లు కొత్త బండి మీద నేర్చుకోవద్దు. వేగంగా తిరిగే రోటరీ మెషిన్ అంచు మీద కొన్ని సెకన్లు ఆగితే చాలు, ప్రైమర్ బయటపడుతుంది.

పెచ్చు ఊడిన చోట టచప్

గ్రానైట్ లారీ వెనక, గోదావరి ఇసుక లారీ వెనక దగ్గరగా పోయిన బండికి బానెట్ ముందంచు మీద మొదటి పెచ్చు పడుతుంది. కరీంనగర్–వరంగల్ 563 రోడ్డు మీద తిరిగేవాళ్లకు ఇది తెలిసిన బాధే. వడ్లు ఆరబోసే రోజుల్లో రోడ్డు అంచున పెట్టిన రాళ్లు అదనం. పెచ్చు రేకు మీద ఉంటే వానాకాలం రాకముందే మూసేయాలి. ప్లాస్టిక్ బంపర్ మీద ఉంటే తుప్పు పట్టేది లేదు, తొందర లేదు.

పెయింట్ కోడ్ కావాలి. అది బండిని బట్టి డ్రైవర్ డోర్ పక్క స్తంభం మీదో, బానెట్ కింద ప్లేటు మీదో ఉంటుంది, కనపడకపోతే ఛాసిస్ నంబర్ ఇచ్చి సర్వీస్ సెంటర్‌ను అడగండి. ‘తెలుపు’ అని చెప్పి కొంటే ఏ తెలుపు వస్తుందో చెప్పలేం. రంగు సీసా, క్లియర్ సీసా రెండూ తీసుకోండి. రేకు కనపడితే చిన్న ప్రైమర్ కూడా. సీసాలో బ్రష్షు ఇస్తారు, పక్కన పెట్టేయండి, పెచ్చుకన్నా అదే లావు. పళ్లపుల్ల మొన, లేదా అన్నిటికన్నా సన్నటి బొమ్మల కుంచె వాడాలి.

కాలం చూసుకోండి. వాన ముసురులో వేస్తే గాలిలోని తేమకు క్లియర్ పాలలా తెల్లబడుతుంది. మండుటెండలో వేస్తే సర్దుకునేలోపే ఆరి గడ్డ కడుతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా, ఉదయం తొమ్మిది పదకొండు మధ్య అనువు.

1. సీసాను రెండు నిమిషాలు బాగా ఊపండి. మెటాలిక్ రంగుల్లో వెండి రజను అడుగున పేరుకుంటుంది. ఊపకపోతే రంగు ముదురుగా దిగుతుంది.

2. తెల్లటి అట్టముక్క మీద కొంచెం వేసి ఆరనిచ్చి, ఎండలో బండి పక్కన పెట్టి పోల్చండి. తడిగా ఉన్నప్పుడు పోలిస్తే మోసపోతారు.

3. పెచ్చు చుట్టూ ఆల్కహాల్ మిశ్రమంతో తుడవండి. అంచుల్లో ఊగుతున్న పెయింటు పొరను పుల్లతో లేపేయండి, లేకపోతే వేసిన రంగుతో సహా అదే ఊడుతుంది.

4. తుప్పు చుక్క ఉంటే గుండుసూది మొనతో గీకి, రస్ట్ కన్వర్టర్ (తుప్పును ఆపే మందు) పుల్లతో తాకించి, సీసా మీద రాసినంత సేపు ఆగండి. తుప్పు మీద రంగు వేస్తే ఒక వానాకాలానికే బుడగ లేస్తుంది.

5. రేకు కనపడే చోట మాత్రమే ప్రైమర్, పెచ్చు లోపలే, పలచగా. గంట ఆరనివ్వండి.

6. పుల్ల మొనతో రంగు చుక్కను పెచ్చు మధ్యలో తాకించండి, అదే పాకి అంచులకు చేరుతుంది. గీసినట్టు పూయొద్దు. అరగంట ఎడంతో రెండు మూడు పలచటి పూతలు. చుట్టూ ఉన్న పెయింటు కన్నా ఒక పిసరు లోతుగా ఉండగానే ఆపండి, క్లియర్‌కు చోటు కావాలి.

7. మర్నాడు క్లియర్ రెండు పూతలు. ఆరేటప్పుడు కుంగుతుంది కాబట్టి చుట్టూ ఉన్నదాని కన్నా కాస్త ఎత్తుగా ఉండాలి.

8. వారం దాకా ఆ చోట కడగొద్దు, రుద్దొద్దు.

చాలామందికి పని ఇక్కడితో అయిపోయినట్టే, అడుగు దూరం నుంచి ఎవరికీ కనపడదు. ఎత్తుగా మిగిలిన బొట్టు సాపు చేయాలనుకుంటే, 2500 లేదా 3000 నంబర్ నీటి కాగితాన్ని (తడిపి రుద్దే సన్నరకం గరుకు కాగితం) పది నిమిషాలు నానబెట్టి, పెన్సిల్ రబ్బరు ముక్కకు చుట్టి, షాంపూ చుక్క కలిపిన నీళ్లతో బొట్టు మీద మాత్రమే నాలుగైదు సార్లు తేలిగ్గా రుద్దాలి. తుడిచి చూసి మళ్లీ. మసకబారిన చోట పైన చెప్పినట్టు కాంపౌండ్, పాలిష్. ఇందులో చెయ్యి తిరగనివాళ్లు బొట్టును అట్లాగే వదిలేయడం మేలు. బొట్టు మీద కాగితం జారితే పక్కనున్న మంచి క్లియర్ కోట్ పోతుంది, దానికి టచప్ లేదు.

రంగు ఎక్కువై పక్కకు కారితే కంగారుపడకుండా, ఆరకముందే ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచేసి మొదటినుంచి మొదలుపెట్టండి. ఫ్యాక్టరీ పెయింటుకు దానితో ఏమీ కాదు. షెడ్డులో ఈమధ్యే వేసిన ప్యానెల్ అయితే ఈ ధైర్యం పనికిరాదు, మెత్తబడొచ్చు.

సాదా తెలుపు బాగా కలిసిపోతుంది. సిల్వర్, గ్రే మెటాలిక్‌లో చుక్క కొంచెం ముదురుగా కనపడుతుంది, ఎందుకంటే స్ప్రేలో పరుచుకున్నట్టు పుల్ల మొనతో వేసిన రజను పరుచుకోదు. పెర్ల్ తెలుపు, కొన్ని ముదురు ఎరుపు రంగులు మూడు పొరలవి, రంగుకూ క్లియర్‌కూ మధ్య ఇంకో మెరుపు పొర ఉంటుంది. వాటికి రెండు సీసాల టచప్ సరిగా కలవదు. తుప్పు ఆపడానికి వేసుకోండి, కలిసిపోవాలని ఆశపెట్టుకోవద్దు.

సొట్టలు

పెయింటు చిట్లకుండా రేకు లోపలికి పోయిన చిన్న సొట్టకు పీడీఆర్ అనే పద్ధతి ఉంది. లోపలి నుంచి పొడవాటి రాడ్లతో రేకును కొద్దికొద్దిగా నెట్టి సరిచేస్తారు, పుట్టీ, పెయింటు అక్కర్లేదు. వరంగల్, కరీంనగర్‌లలో చేసేవాళ్ల కోసం వాకబు చేయండి, దొరకకపోతే హైదరాబాద్ ప్రయాణానికి ఆ ఒక్క పూట పెట్టొచ్చు. ఆటోనగర్ షెడ్డులో సుత్తి, పుట్టీ, పెయింటు పద్ధతిలో చేయించే ముందు ఇది తప్పక అడగాలి. డోర్ అంచు మీద, మడత గీత మీద పడ్డ సొట్టకు పీడీఆర్ అంత బాగా కుదరదు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి ఐసు పెట్టే చిట్కా రేకు మీద నమ్మదగింది కాదు.

ప్లాస్టిక్ బంపర్ లోపలికి కుంగితే మాత్రం వేడినీళ్లు పనిచేస్తాయి. మరిగించి దించిన నీళ్లు సొట్ట మీద నెమ్మదిగా పోసి, ప్లాస్టిక్ మెత్తబడ్డాక చేతికి మందపాటి గ్లౌజు తొడుక్కుని లోపలి వైపు నుంచి నెట్టి, వెంటనే చన్నీళ్లు పోయండి. పెయింటు అప్పటికే పగిలి ఉంటే వద్దు, పగులు పెరుగుతుంది. బంపర్ ఒక పక్క ఫెండర్ దగ్గర సందు పడితే చాలాసార్లు క్లిప్పు జారిందంతే, పెయింటు పని కాదు.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయాలా

మొదటి ఏడాది క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మన బండికి జరిగే నష్టం కోసం కట్టేది) మీద 20 శాతం తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. ఏటేటా పెరిగి 50 దాకా పోతుంది. ఆ ప్రీమియం 12,000 అనుకుంటే మొదటి ఏడే 2,400. దానికి తోడు ప్రతి క్లెయిమ్‌లో మీరు కట్టే తప్పనిసరి వాటా 1500 సీసీ లోపు బండికి 1,000, పైన 2,000. ఒక్క బంపర్ గీతకు ఈ రెండూ కలిపి చూసుకుంటే చేతి డబ్బే చవక అవుతుంది చాలాసార్లు. రెండు మూడు ప్యానెళ్లు పోయినప్పుడు సంగతి వేరు. బండి బాగుచేసేవాళ్లు ‘ఎట్లాగూ ఒక ప్యానెల్ చేస్తున్నాం, పక్కదీ కలుపుకోండి’ అంటే తొందరపడొద్దు. బాగున్న ఫ్యాక్టరీ పెయింటును గీకించుకోవడమే అది.

కోటింగ్, ఫిల్మ్, కొత్త పెయింటు

డెలివరీ రోజే సిరామిక్ కోటింగో (పెయింటు మీద పూసే ద్రవం పూత), పీపీఎఫ్ ఫిల్మో (పెయింటు మీద అంటించే పారదర్శక ప్లాస్టిక్ పొర) అంటగట్టాలని చూస్తారు. గీతలు సరిచేయకుండా వేస్తే అవి కోటింగ్ కింద బందీ అవుతాయి, తర్వాత పాలిష్ చేయాలంటే కోటింగ్ తీయాల్సిందే. ముందు కడిగి, సరిచేసి, టార్చ్ వేసి చూసుకున్నాకే. సిరామిక్ కోటింగ్ రాళ్ల పెచ్చులను ఆపదు, ఆ పని ఫిల్మ్‌ది. లారీల రోడ్డు మీద రోజూ తిరిగే బండికి బానెట్ ముందు భాగానికి, ముందు బంపర్‌కు మాత్రం ఫిల్మ్ వేయించుకుంటే చాలు, మొత్తం బండికి అక్కర్లేదు.

చివరికి ప్యానెల్‌కు షెడ్డులో మళ్లీ పెయింటు వేయించాల్సి వస్తే, పెయింట్ బూత్ (దుమ్ము చొరకుండా మూసిన గది) ఉన్న చోటే వేయించండి. రోడ్డు పక్క వేసిన పెయింటులో మన దుబ్బంతా చేరుతుంది. తీసుకునేటప్పుడు పగటి వెలుతురులో పక్క ప్యానెల్‌తో రంగు పోల్చి, అంచుల్లో టేపు గీతలు, కారిన ఆనవాళ్లు చూసుకోండి. ఆ ప్యానెల్‌కు కనీసం నెల దాకా వ్యాక్స్, కోటింగ్, ఫిల్మ్ ఏదీ వద్దు, లోపలి ద్రావకం బయటికి పోవాలి. ఆ నెలంతా షాంపూ కలిపిన నీళ్లతో మెత్తటి గుడ్డ, నీడలో పార్కింగ్, పక్షి రెట్ట పడితే ఆ గంటలోనే కడిగేయడం.